కాదనడం రాని డాక్టరు గారు

రోజూ పొద్దున్న టిఫిను తినేముందు మా డాక్టరు గారు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేవారు. నాకు బీపీ లేదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా నా ఎడమచెయ్యి డైనింగు టేబులు మీద పెట్టించి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, బల్బు నొక్కుతూ కళ్ళు మూసుకుని వినేవారు. ఆ కాసేపూ బయట వరండాలోంచి ఎవరు పిలిచినా పలికేవారు కాదు. తరవాత "బాగుందే రూతూ" అని పట్టీ విప్పేసి, తెల్లచొక్కా తొడుక్కుని, జనంలోకి వెళ్ళిపోయేవారు. ఎమ్మెల్యే అయ్యాక ఆయనకి మిగిలిన పేషెంటుని నేనొక్కదాన్నే.

ఇప్పుడా మిషను బీరువాలో ఉంది. టిఫిను వేళకి నా చెయ్యి దానంతటదే టేబులు మీదికి వెళ్తుంది. వెనక్కి తీసేసుకుని పని చూసుకుంటాను.

మా డాక్టరు గారి పేరు వరప్రసాదం. పుట్టింది పి.గన్నవరం దగ్గర, కాలవ గట్టు పక్కనున్న పేటలో. నాకు మేనత్త కొడుకు. అందుకే నలుగురిలో డాక్టరు గారన్నా ఇంట్లో బావా అనే పిలిచేదాన్ని. మా మామయ్య సీమోను గారు అంబాజీపేటలో, ఇప్పుడు మా వైపు రాజకీయాలు నడిపే నాగేంద్ర గారి నాన్నగారి కొబ్బరి కొట్లో ఒలుపు కూలీ. నేలలో పాతిన ఇనపమొన మీద కాయ గుచ్చి పీచు ఒలిచే పని. ఆయన అరచేతులు ఎలా ఉండేవంటే, మా అమ్మాయి శాంతిని పసిపిల్లప్పుడు ఎత్తుకోవాలంటే దుప్పటి చుట్టి ఇమ్మనేవారు, గీసుకుంటుందని.

కొడుకు మిషను బళ్ళో చదివి, కాకినాడలో వైద్యం సీటు తెచ్చుకున్నాడు. మా పేటలో అదే మొదటిది. ఆదివారం గుడిలో పాస్టరయ్యగారు పేరు చెప్పి ప్రార్థన చేయించారు. అప్పట్నుంచి మా అమ్మ బెంగపెట్టుకుంది. చిన్నప్పుడు నన్ను వాళ్ళింటికే అనుకున్నారు, ఇప్పుడు అతనికి డాక్టరమ్మ దొరుకుతుంది కదా, ఏడో తరగతితో మానేసిన మన పిల్లనెందుకు చేసుకుంటాడని. చదువైపోగానే ఆయనే మా ఇంటికొచ్చారు. అనుకున్న మాట కాదంటే ఎలాగండీ మావయ్యా అన్నారట మా నాన్నతో. నన్ను కూడా కాదనలేకే చేసుకున్నావు బావా అని తరవాత్తరవాత ఏడిపించేదాన్ని. నవ్వేవారు. కాదని మాత్రం అనేవారు కాదు.

అంబాజీపేటలో మెయిను రోడ్డు మీద చిన్న డాబా కొనుక్కున్నాం. ముందు గది ఆసుపత్రి, దాని ముందు వరండాలో పేషెంట్లకి రెండు బెంచీలు, వెనక మేము. స్టెల్లా అని మా గుడి పిల్లే, నర్సు చదివింది, ఆయన దగ్గర చేరింది. ఇంజక్షను, కట్లు, చీటీలు, తలుపు తీయడం, తలుపు వేయడం అన్నీ తనే.

ఆయనది పెద్ద వైద్యం అని నేను చెప్పను. జ్వరాలూ, దగ్గులూ, షుగర్లూ. కానీ ఒక్క విషయంలో మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన పేరే చెప్పేవి. మా వైపు కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టు మీంచి పడిపోతూనే ఉంటారు. పడ్డవాణ్ణి కంగారులో ఒకరు చేతులూ ఒకరు కాళ్ళూ పట్టుకుని, మధ్యలో మడత పెట్టి ఆటోలో కుక్కి తెస్తారు. పడినప్పుడు పోని కాళ్ళు ఆటోలో పోతాయి అనేవారు ఆయన. పాత ఇంటి తలుపులు కొని, ఊరికొకటి చొప్పున దింపు మేస్త్రీల ఇళ్ళల్లో పెట్టించారు. ఎవరైనా పడితే వాళ్ళని కదపకుండా ఆ తలుపు కిందికి జరిపి, మెడకి అటూ ఇటూ పంచెలు ఉండచుట్టి పెట్టి, తలుపుతో పాటు ట్రాక్టరులో తేవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రాళ్ళని నేల మీద పడుకోబెట్టి, మిగతావాళ్ళ చేత ఎత్తించి నేర్పించేవారు. పడుకున్నవాడు నవ్వితే, నడుం విరిగినోడు నవ్వుతాడేంట్రా అని మొట్టేవారు. అలా తలుపు మీద వచ్చి, మళ్ళీ నడుచుకుంటూ వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ కనపడితే నాకు దణ్ణం పెడతారు.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మాకు ఎదుటి మనిషి మొహం మీద కాదు అనడం రాదు. అది మర్యాద కాదు. చెయ్యలేని పనైతే "చూద్దాం లెండి" అంటాం. ఇష్టం లేని పనైతే "అలాగే లెండి" అని కాస్త తగ్గించి అంటాం. అవతలివాళ్ళు గొంతును బట్టి అర్థం చేసుకుని, మళ్ళీ ఎత్తరు. ఇద్దరి పరువూ నిలబడుతుంది. మా డాక్టరు గారు కాదనవలసిన ప్రతిచోటా అలాగే అన్నారు. నాగేంద్ర గారు కూడా ఇక్కడ పుట్టి పెరిగిన మనిషే, గొంతు తెలియక కాదు. కానీ ఆయన మాటని మాటగానే తీసుకునేవారు. అలాగే అంటే అలాగే.

మా నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. మేం ఏ గుడికి వెళ్ళినా కాగితాల్లో కులం పాతదే ఉంటుంది. అంటే నిలబడేది మావాళ్ళే, నిలబెట్టేది మాత్రం నాగేంద్ర గారిలాంటివాళ్ళు. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు ఒక సాయంత్రం ఆయన మా వరండాలోకి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ వదిలేసి పేషెంట్ల బెంచీ మీద కూర్చున్నారు. సీమోను కొడుకు ఇంత గొప్పవాడైతే మా నాన్న చూసి ఎంత సంతోషించేవారో అన్నారు. తరవాత అసలు మాట చెప్పారు. మంచి పేరున్న మనిషి కావాలని పార్టీ అడుగుతోందట. ఒక్క అయిదేళ్ళు. తిరగడం, మాట్లాడ్డం, ఖర్చు అంతా తాము చూసుకుంటారు. మళ్ళీ వచ్చి ఈ డాక్టరు కుర్చీలోనే కూర్చోవచ్చు.

"నాకు పేషెంట్లున్నారండీ" అన్నారు మా డాక్టరు గారు.

"ఆయ్, ఎవరు లేరన్నారండీ? ఇప్పుడు వందమందిని చూస్తున్నారు, అప్పుడు లక్షన్నర మందిని చూస్తారు. సరేనాండీ?"

"చూద్దాం లెండి."

"సంతోషం డాక్టర్ గారూ" అని నాగేంద్ర గారు లేచి చెయ్యి కలిపారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది.

ఆ రోజు మా డాక్టరు గారు నాతో ఒకటే అన్నారు. అయిదేళ్ళయ్యాక ఆ కుర్చీలో కూర్చోకపోతే నువ్వే నన్ను చెయ్యిపట్టి కూర్చోబెట్టు అని. అది తప్ప ఇంకేమీ కోరుకోలేదు. పదవీకాలమంతా ఆయన మనసు ఆ కుర్చీ మీదే ఉంది.

గెలిచారు. గెలిచిన వారానికే ఆసుపత్రి గదిలో మంచం, తెర, మందుల బీరువా తీసేసి సోఫాలు వేశారు. గోడకి పెద్ద నాయకుల ఫొటోలు వచ్చాయి. స్టెల్లాని ఊరకే పంపలేక ఇంట్లో పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళకి టీలు ఇవ్వడం తన పనైంది. సూది పట్టుకోవలసిన చేత్తో ట్రే పట్టుకుంటున్నానమ్మగారూ అనేది నాతో, నవ్వుతూనే. ఆయన ఎక్కడికి వెళ్ళాలో, ఎవరి పెళ్ళికి ముందు వెళ్ళాలో, ఎవరి పని చెయ్యాలో అన్నీ నాగేంద్ర గారి కొట్లోంచి ఫోనులో వచ్చేవి. నాగేంద్ర గారు ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఏకవచనం ఎరగరు. డాక్టర్ గారూ, మీరు ఏమీ అనుకోకపోతే, అని మొదలుపెట్టేవారు. ఏమైనా అనుకునే వీలు ఆ మాటతోనే పోయేది.

జ్వరమొచ్చినవాళ్ళు కూడా అలవాటుకొద్దీ వచ్చేవారు. జనం మధ్యలో ఆయన ఒకడి నాడి పట్టుకుంటే, పక్కనున్న అనుచరులు సార్ కి టైమైంది అని ఆ పేషెంటుని భుజాలు పట్టి జరిపేసేవారు. ఒకసారి ఒక ముసలమ్మ నాలిక చాపి నిలబడితే, ఆయన చూసేలోపే ఎవరో ఆవిడ చేతిలోంచి అర్జీ కాగితం అనుకుని మందుల చీటీ లాక్కుని ఫైల్లో పెట్టేశారు. ఇంటికొచ్చి చెప్పి నవ్వబోయారు. నవ్వు రాలేదు.

కరోనా వచ్చినప్పుడు ఊరంతా తలుపులు వేసుకుంది. మా ఇంటికి ఎవరూ రావడం లేదు, నాగేంద్ర గారు కూడా రాలేదు. మా ఆయన మేడ మీద కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనులో పేషెంట్లతో మాట్లాడేవారు. గట్టిగా ఊపిరి పీల్చు, బిగపట్టు, ఇప్పుడు ఒకటీ రెండూ లెక్కపెట్టు, నేను వింటున్నాను అనేవారు. లెక్క మధ్యలో దగ్గొస్తే వాకిట్లో ఉన్న స్టెల్లాని కేకేసి మందులు పంపించేవారు. మా బంధువులు కూడా పోయారు ఆ రోజుల్లో, అందుకని ఇలా అనకూడదేమో. కానీ ఆ పదవిలో మా ఆయన ముఖం తేటగా ఉండగా నేను చూసింది ఆ కొన్నాళ్ళే. తలుపులు తెరిచాక మళ్ళీ సోఫాలు నిండిపోయాయి.

అయిదేళ్ళు కావస్తున్నాయనగా ఒక లంక ఊళ్ళో వంతెన శంకుస్థాపన పెట్టారు. మంత్రి గారు వస్తారని స్టేజీ కట్టారు. నేను ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్నాను. ఆయన స్టేజీ మీద నాగేంద్ర గారి పక్కన ఉన్నారు. మంత్రి గారి కోసం ఎదురుచూస్తుండగా వెనక తోటలోంచి కేకలు వినిపించాయి. గంగాధర్ అని, మాకు తెలిసిన దింపు కార్మికుడే, సభకి కొబ్బరి బొండాలు దింపుతూ చెట్టు మీంచి పడ్డాడు. ఎవరో పరిగెత్తుకొచ్చి స్టేజీ మెట్ల దగ్గర చెప్పారు. మా డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

నాగేంద్ర గారు ఆయన మణికట్టు పట్టుకున్నారు. పట్టుకోవడం మెత్తగానే పట్టుకున్నారు.

"కూర్చోండి డాక్టర్ గారూ. మంత్రి గారు ఏటిగట్టెక్కేరంట. మీరు లేకపోతే ఎలాగండీ?"

"తలుపు మీద ఎత్తమనాలండీ. వంచేస్తారు."

"ఆయ్, చెప్పిస్తానండీ. మావాళ్ళు చూసుకుంటారు కదా. మీరు కూర్చోండి."

మా ఆయన నిలబడే ఉన్నారు. మెట్ల వైపు చూశారు, జనం వైపు చూశారు, నా వైపు కూడా చూశారు. కార్ల మోత వినపడింది. కూర్చున్నారు. మంత్రి గారు వచ్చి దండలు వేయించుకుంటుంటే, తోట పక్కనుంచి ఒక ఆటో బయల్దేరడం నాకు కనిపించింది. ఇటుపక్క తల, అటుపక్క కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి.

గంగాధర్ బతికాడు. నడుం కింద చచ్చుబడిపోయింది.

తరవాత వారం వారం ఆయన గంగాధర్ ఇంటికి వెళ్ళేవారు. కారు దూరంగా ఆపించి, మనుషుల్ని రావద్దని, నన్ను మాత్రం తీసుకెళ్ళేవారు. వీపు కింద పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం అతని భార్యకి నేర్పించారు. తనే కట్టు మార్చేవారు. గంగాధర్ ఎప్పుడూ ఒక్కమాట నిష్ఠూరమాడలేదు. మీరు స్టేజీ మీదున్నారు కదండీ, మీరేం చేస్తారు అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తల దించుకునేవారు. ఒకరోజు మాత్రం అతను పైకప్పు వంక చూస్తూ అన్నాడు.

"నేనైతే దిగిపోయేనండీ. మీరింకా పైనే ఉండిపోయేరు. ఎప్పుడు దిగుతారు డాక్టర్ గారూ?"

"ఈసారి దిగిపోతాన్రా" అన్నారాయన.

ఇంటికొచ్చి నాగేంద్ర గారికి ఫోను చేశారు. ఈసారి నిలబడనండీ, నా ఆసుపత్రి నేను తెరుచుకుంటాను అన్నారు. అంత స్పష్టంగా ఆయన మాట్లాడటం నేనదే వినడం. అవతలినుంచి నాగేంద్ర గారు మీ ఇష్టమేనండీ, మీ మాట కాదంటామా అన్నారు. ఆ సంబరంలో స్టెల్లా మేడ మీది షెడ్డులోంచి పాత మంచం దింపించి తుడిచేసింది కూడా.

వారం తిరక్కుండా మా ఇంటికి మావాళ్ళే వచ్చారు. గుడి పెద్దలు, పేటలో మేనమామలు, నా అన్నదమ్ములు. నాగేంద్ర గారు పంపారో, వాళ్ళంతట వాళ్ళే వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. మన పేట నుంచి ఒక్కడు అసెంబ్లీలో కూర్చున్నాడు, నువ్వు లేచి వచ్చేస్తే ఆ కుర్చీలోకి ఎవణ్ణి తెస్తారో అన్నారు. మన పిల్లలు కలెక్టరాఫీసుకి వెళ్తే వరప్రసాదం గారి తాలూకా అంటే కూర్చోమంటున్నారు, ఆ మాట పోగొడతావా అన్నారు. మా పెద్ద మేనమామ అయితే ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. నాగేంద్ర గారి మాటకైనా ఎదురు చెప్పగలరేమో గానీ ఆ చేతుల్ని విడిపించుకోవడం ఆయన వల్ల కాలేదు. అలాగే లెండి అన్నారు. గొంతు అర్థం చేసుకోవలసిన మావాళ్ళు కూడా చేసుకోలేదు.

మంచం మళ్ళీ మేడెక్కింది.

ఆ ఎన్నికల ముందు నాగేంద్ర గారు పార్టీ మారారు. ఆయనతోపాటు మమ్మల్నీ మార్చారు. ఒకరోజు సాయంత్రం దాకా మెళ్ళో ఉన్న కండువా మర్నాడు పొద్దున్న వేరే రంగైంది. గోడ మీది ఫొటోలు దించి కొత్తవి కొట్టారు. మళ్ళీ గెలిచారు. గెలుపు ఊరేగింపులో ఆయన బండి మీద నిలబడి దణ్ణాలు పెడుతుంటే, వేదిక మీదికి ఎక్కించిన పెళ్ళికొడుకులా ఉన్నాడే అని మా వదిన మురిసిపోయింది. నాకు మాత్రం ఆయన ఎవరి పెళ్ళికో వచ్చిన మనిషిలా కనిపించారు.

మా అమ్మాయి శాంతి కాకినాడలోనే వైద్యం చదివి, రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరింది. వారానికోసారి ఫోను చేసినప్పుడు ఆయన దాని కేసుల గురించే అడిగేవారు. అది చెప్తుంటే నోట్లో అన్నం నమలడం మరచిపోయేవారు. నాన్నా, మీ బీపీ చూసుకున్నారా అని అదడిగితే, మీ అమ్మది బాగుందే అనేవారు.

పోయిన వేసవిలో ఇంటింటికీ తిరిగే కార్యక్రమం పెట్టారు. మండుటెండలో పై కప్పు తీసేసిన బండి మీద నిలబడి ఊరూరూ తిరగాలి. ఆ మధ్యాహ్నం ఎడమచెయ్యి లాగుతోంది, చెమట తేడాగా పడుతోంది అని ఆయన డ్రైవరుతో చెప్పారట. ఏంటో ఆయనకి తెలియదా. మరొకరికి ఉంటే బండి మీంచి దింపి, మాత్ర నమిలించి పరిగెత్తించేవారు. అమలాపురం ఆసుపత్రికి పోనిమ్మన్నారట. పక్కనున్నవాళ్ళు ఇంకొక్క ఊరేనండీ, ఆడవాళ్ళు హారతులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు, అది చూసుకుని అటునుంచటే వెళ్ళిపోదాం అన్నారట. డ్రైవరు నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు ఇదంతా.

"సార్ అలాగే లెండి అన్నారమ్మా. నేను పోనిచ్చేను."

ఆ ఊళ్ళో హారతి తీసుకున్నారు. బొట్టు పెట్టించుకోబోతూ కూర్చుండిపోయారు.

శవపేటిక మీద పార్టీ జెండా కప్పారు. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చారు. గుడి వెనక సమాధుల దొడ్లో ఆ చప్పుడుకి కాకులన్నీ లేచిపోయాయి. నాగేంద్ర గారు పేటికకి ముందువైపు భుజం పట్టారు. ఆయన ఏడ్చారు, ఆ ఏడుపు అబద్ధం కాదు. గంగాధర్‌ని నలుగురు కుర్రాళ్ళు తలుపు మీద పడుకోబెట్టి తెచ్చారు. ఎంత పద్ధతిగా ఎత్తారంటే, నేర్పినాయన చూస్తే సంతోషించేవారు.

శాంతి ఉద్యోగం మానేసి వచ్చేసింది. నన్నడగలేదు. సోఫాలు పార్టీ వాళ్ళకి కబురు చేసి పంపించేసింది. మంచం, తెర, బీరువా, బెంచీలు అన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. నాన్న కుర్చీలో కూర్చోవడానికి మాత్రం రెండు రోజులు వెనకాడి, మూడోరోజు పేషెంటు ఎదురుగా నిలబడి ఉంటే కూర్చుంది. స్టెల్లా తెల్లకోటు వేసుకుంది. నేను లోపల్నుంచి స్టెల్లా పేర్లు పిలవడం వింటూ కూరలు తరుగుతున్నాను. ఆయన కోరుకున్నది అదొక్కటే, అది కూతురికైనా దక్కిందనుకున్నాను.

అప్పుడు ఉప ఎన్నిక మాట వచ్చింది. ఎమ్మెల్యే పదవిలో ఉండి పోతే వాళ్ళింట్లోవాళ్ళనే నిలబెట్టడం, మిగతా పార్టీలు పోటీ పెట్టకుండా తప్పుకోవడం ఇక్కడొక ఆనవాయితీ. పోయినవాళ్ళ మీద గౌరవం అంటారు. నాగేంద్ర గారు మొదట నన్నే అడిగారు. సంతకం పెడితే చాలమ్మా, పోటీ ఉండదు, తిరగక్కర్లేదు అన్నారు. నాకు చదువు లేదండీ అన్నాను. అయితే పాప ఉంది కదమ్మా అన్నారు. శాంతిని అడిగితే అది నాకు పేషెంట్లున్నారండీ అంది. అదే వరండా, అవే మాటలు. నాగేంద్ర గారు కూడా వాళ్ళ నాన్నతో అన్నట్టే, లక్షన్నర మంది అన్నారు.

మా గుడి పెద్దలు మళ్ళీ వచ్చారు. మేనమామ మళ్ళీ ఏడ్చాడు. ఈసారి శాంతి చేతులు పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుంది. "నేను కాదంటే నిన్నడుగుతారు. నువ్వు కాదంటే నన్నడుగుతారు. మనిద్దర్లో ఒకళ్ళం వెళ్ళాలా అమ్మా?" అంది. మాకు కాదు అనడం నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ అనలేక మా ఇంట్లో ఒక మనిషి ఏమయ్యాడో ఇద్దరికీ తెలుసు.

నిన్న సాయంత్రం నాగేంద్ర గారు వచ్చారు. మర్నాడు పదింటికి జిల్లా నాయకులు, టీవీల వాళ్ళు వస్తారట. డాక్టరు గారు కూర్చున్న ఇంటి ముందే పాప పేరు ప్రకటిస్తే బాగుంటుందట.

"ఒక్క పూట ఆసుపత్రికి సెలవిచ్చి, బెంచీలు తీయించి వరండా కడిగించండమ్మా. కుర్చీలూ షామియానా నేను పంపిస్తాను. సరేనామ్మా?"

"చూద్దాం లెండి" అన్నాను.

"సంతోషం అమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఈ పొద్దున్న నేను ఎప్పుడూ లేచే వేళకే లేచాను. స్టెల్లా బకెట్టూ చీపురూ పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. బెంచీలు దొడ్లోకి పంపించేద్దామా అమ్మగారూ అని అడిగింది. వద్దన్నాను. కడగాలి కదండీ అంది. వద్దు, చీపురు లోపల పెట్టి నువ్వు కోటు వేసుకో అన్నాను. అది నా మొహం చూసి బకెట్టు లోపలికి పట్టుకెళ్ళింది.

ఎనిమిదింటికి పేషెంట్లు రావడం మొదలైంది. రాత్రి వాన పడడంతో కాళ్ళన్నీ బురదే. బెంచీలు నిండిపోయాయి. ఒక పిల్లాడు గుమ్మం పక్కన కక్కుకున్నాడు. స్టెల్లా దాని మీద ఇసక పోసింది. కుర్చీల వ్యాను వచ్చి ఎక్కడ దింపాలమ్మా అని అడిగితే, ఎవరూ జవాబు చెప్పక డ్రైవరు రోడ్డు మీదే ఆగిపోయాడు. నాగేంద్ర గారు పదింటికి తెల్లబట్టల్లో కారు దిగారు. మెట్ల దాకా వచ్చి ఆగారు. చెప్పుల కుప్పలు చూశారు, బురద చూశారు, తరవాత కిటికీలోంచి నన్ను చూశారు. నేను కిటికీ దగ్గర్నుంచి తప్పుకోలేదు. తల దించుకోలేదు.

బెంచీ చివరనున్న ఒక ముసలాయన ఆయన్ని పేషెంటే అనుకుని పక్కకి జరిగాడు.

"కూర్చోండి బాబూ. డాక్టరమ్మ గారు వరసగా పిలుస్తారు."

నాగేంద్ర గారు, టీవీల వాళ్ళని ఆపడానికి కాబోలు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కారు వైపు తిరిగారు. గొంతు తెలిసీ విననట్టుండే మనిషి, ఈసారి కళ్ళతో చూశారు. మళ్ళీ రావచ్చు. వస్తే రానీ. లోపల శాంతి ఎవరినో గట్టిగా ఊపిరి పీల్చమంటోంది. స్టెల్లా తరవాతి పేరు పిలిచింది. నేను వంటింట్లోకి వచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. వరండా కడగలేదు. సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.